మాఫీ ఫాయిదా

అక్కా,

నువ్వు కువైట్‌లో చనిపోయి ఇవాళ్టికి ఏడాది. అమలాపురంలో నర్సింగ్ చదివిన నీ కూతురు సునీత కూడా అక్కడికే వెళుతోంది. పొద్దున్న ఫోన్‌లో అరబ్బీ నేర్చుకుంటూ, "పిన్నీ, మాఫీ ఫాయిదా అంటే ఏం లాభం లేదనంటండీ" అంది.

నేను పొయ్యి కట్టేసి, ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను.

"ఒంట్లో బాగోకపోతే వచ్చేయక్కా, ఇక్కడ చూపిద్దాం" అని నేనన్నప్పుడు నువ్వు ఆ మాటే అని ఫోన్ పెట్టేశావు. మనకి మాఫీ అంటే అప్పు కొట్టేయడం, ఫాయిదా అంటే లాభం కదా. నీకు రెండూ కలిసొచ్చాయని అమ్మతో చెప్పి మురిసిపోయాను. మళ్లీ నిన్ను రమ్మనలేదు.

రేపే సునీత ప్రయాణం. దాని పాస్‌పోర్టు నా బీరువాలో ఉంది. ఇందాకటి నుంచి అడుగుతోంది. తీసివ్వడానికి నాకు చేతులు రావడం లేదు.