చివరి అరచుట్టు

2-5-1989, మంగళవారం, రేపల్లె
అమ్మ కడుపులో గడ్డకి ఆపరేషన్. సోమవారం గుంటూరులో చేరాలి. గుండె వీక్, గ్యారంటీ ఇవ్వలేనన్నాడు డాక్టరు. ఈలోగా బాప్తిస్మం కావాలట. నాన్న పోయాక చర్చికి వెళ్ళడం మొదలెట్టింది, నేను అడ్డు చెప్పలేదు. కానీ ఇంత తొందరేంటన్నాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడురా యలమందా అంది. పాస్టర్ గారికి కబురు పెట్టాను.

3-5-1989
పాస్టర్ కృపారావు గారు వచ్చారు. నీళ్ళు చిలకరిస్తే చాలదట, మనిషి పూర్తిగా మునగాలట. ఏటా కాలువలో ఇస్తారు. ఇప్పుడు ఎండాకాలమని కాలువలకి నీళ్ళు కట్టేశారు, అడుగున బురదే. బాపట్ల వెళ్ళి సూర్యలంక సముద్రంలో ఇద్దామా అన్నారు. అలల్లో అమ్మా? కుదరదండి అన్నాను.

అప్పుడు బయటపెట్టారు. చర్చి వేదిక చెక్కల కింద దొరల నాటి సిమెంటు తొట్టి ఉందట. అడుగు వాల్వు పాడై ఏళ్ళుగా వాడటం లేదు. చెప్పి నా వంక చూశారు. ప్లంబర్ని కదా, పని నా నెత్తిన పడింది.

5-5-1989
వాల్వు ఉన్నది తొట్టికీ గోడకీ మధ్య సందులో. వెల్లకిలా పడుకుని జరుగుతూ పోవాలి. పైపు రెండు చివర్లూ సిమెంటులో ఉన్నాయి, తిరగదు. కోసి, రెండు ముక్కల్నీ కలిపే యూనియన్ వేసి, కొత్త వాల్వు ఎక్కించాను. నీళ్ళు కారకుండా మరలకి జనపనార చుట్టి సఫేదా పూశాను. అంతా బానే ఉంది. వాల్వు చివరి అరచుట్టు దగ్గర పానా గోడకి తగిలి ఆగిపోయింది. ఎటు తిప్పి పట్టినా రాదు. బూతులు తిట్టాను, చర్చిలోనే.

6-5-1989
నీళ్ళు పోసి చూశాను. కారుతోంది.

7-5-1989, ఆదివారం, మధ్యాహ్నం
పొద్దున్నే సంఘమంతా బిందెలతో మోశారు. బావి అడుగంటింది. ఈ నీళ్ళు పోతే మళ్ళీ నింపడానికి లేవు. తొట్టి నిండేకొద్దీ జాయింటు చిమ్మడం మొదలెట్టింది. ఎవరికీ చెప్పకుండా సందులో దూరాను. తడిగుడ్డ చుట్టి రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. ఊడితే అమ్మ ఆశ ఊడినట్టే.

పైన పాట అయింది. మెట్ల మీద అమ్మ అడుగులు. ఒక్కసారి నీళ్ళు నా అరచేతుల మీదికి తోసుకొచ్చాయి. అమ్మ మునిగింది. గుప్పెడు మనిషి. ఆ తోపు నా భుజాల దాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా పైపులు వేస్తున్నాను, అవతల మనిషి ఉందని ఏ పైపూ నాకు చెప్పలేదు.

ఏడ్చేశాను. భయంతో కాదు. పైన దేవుడున్నాడో లేడో నాకు తెలియదు. చాలా పెద్దది ఏదో నా చేతుల మీదుగా వెళ్ళింది.

సాయంత్రం
జాయింటు కింద బకెట్ పెట్టి వచ్చాను. నేను మునిగేటప్పుడు ఎక్కడ చచ్చావురా అని అమ్మ కోపం. చెప్పాను. నా చేతులు పట్టుకుని కూర్చుంది. అయితే నీ చేతుల్లోనే మునిగానన్నమాట అంది.

13-5-1989, గుంటూరు
ఆపరేషన్ అయింది. ఇవాళ జావలో ఉప్పు లేదని నర్సు మీద విసుక్కుంది. బతికింది.

21-5-1989, ఆదివారం, రేపల్లె
గుంటూరులో కొన్న కురచ పానా తీసుకుని సందులో దూరాను. తొట్టిలో ఇంకా నడుములోతు నీళ్ళున్నాయి. బకెట్ పొర్లి ఉంటుందనుకున్నాను. అడుగున కాసిని నీళ్ళు, అంతే. జాయింటు పొడిగా ఉంది.

నార నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, సందు మూసుకుంటుంది. నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు.

పానా వెయ్యలేదు. వాల్వు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు పడుకున్నాను.