పదిహేనుకు డెబ్బై రోజులు తక్కువ

1937 ఫిబ్రవరి 7, ఆదివారం

నా మనవరాలు రాజేశ్వరికి ఇరవై నిండాయి. పదిహేనో ఏట భర్త పోయాడు. మద్రాసులో ట్రైనింగ్ ముగించి ఆదోనికి వచ్చి నెలైంది. బాలికల బడిలో టీచరు. జిన్నింగ్ మిల్లు కూలీల ఆడపిల్లలకు ప్రతి ఆదివారం మా అరుగు మీద చదువు చెబుతుందట. అరుగు దాటి లోపలికి రాకూడదని షరతు పెట్టాను. ఐదుగురు వచ్చారు. అందరిలో పెద్దది మేరి, పత్తి బండి తోలే సీమోను కూతురు.

ఎన్నాళ్లు ఈ ముచ్చట అన్నాను. వీళ్లు పెద్దయ్యేవరకు అంది.

1938 జూలై 17

మేరి అచ్చం రాజేశ్వరిలాగే కొంగు దోపుకుంటోంది. నడక కూడా అదే. ఏమే, అక్కను ఎక్కిరిస్తాండావా అని అడిగాను. లేదవ్వా, నేర్సుకుంటాండా అంది.

1939 నవంబరు 28

సీమోను పోయాడు. నాలుగు రోజుల జ్వరం.

1940 జనవరి 7, ఆదివారం

నేటికి నూట యాభై మూడు ఆదివారాలు. మేరి రానివి ఆరు. మిగతా నలుగురూ ఎప్పుడో మానేశారు. ఏప్రిల్‌లో మేరికి ఎనిమిదో తరగతి పరీక్ష. పాసైతే టీచరు ట్రైనింగ్‌కు పంపాలని రాజేశ్వరి పట్టుదల.

మేరి తల్లి ఉచ్చీరమ్మ వచ్చింది. మిల్లులో పిల్లను పెట్టుకుంటే ఈడనే ఉంటామమ్మా, పగలు పని, సాయంత్రం సదువు అంది. లేకుంటే మద్దికెరలో మాయన్న కాడికి పోతాము, ఆడ సంబంధం గూడా సూసినాడు అంది.

జనవరి 9, ఉదయం

మిల్లు మేనేజరు గోపాలయ్య మనిషిని పంపాడు. పదిహేను నిండనిదే పూర్తి రోజు పని ఇవ్వకూడదట. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడట. అవ్వగారి చీటీ ఉంటే ఇంకేమీ అడగడట. ఈ పేటలో కాన్పుల తేదీలు ముప్పై ఏళ్లుగా నేనే రాసి పెడుతున్నానని అందరికీ తెలుసు.

పదైదు నిండినాయని రాయమ్మా, డెబ్బై దినాలే గదా అంది ఉచ్చీరమ్మ. రాజేశ్వరి నా చేతినే చూస్తూ నిలబడింది.

నా పుస్తకంలో ఉన్నట్టే 1925 మార్చి 19 అని రాసి ఇచ్చాను.

జనవరి 9, సాయంత్రం

మేరికి పని లేదన్నారు. రాజేశ్వరి అన్నం ముట్టలేదు. పొద్దున ఒక్క మాట అని ఉండొచ్చు కదా అన్నాను. మూడేండ్లుగా దానికి అబద్ధం ఆడొద్దని చెప్తాండా, నిన్ను ఆడమని ఎట్ల అడిగేది అవ్వా అంది.

జనవరి 12

తల్లీ కూతురూ రైలెక్కారు.

ఫిబ్రవరి 18, ఆదివారం

రాజేశ్వరి మద్దికెర పోయి వచ్చింది. మేరికి పెళ్లయి పది రోజులు. పెళ్లికి పద్నాలుగు చాలంటుంది చట్టం.

పరీక్షకన్నా రా, మీ ఇంటాయనతో నేను మాట్లాడతా అందట రాజేశ్వరి. మూడేళ్లు అక్కా అక్కా అని తిరిగిన పిల్ల, మీరు పోండి టీచరమ్మా, ఆయప్ప వచ్చే యాళయింది అందట.

నన్ను అడిగిందా అన్నాను. లేదంది.

మార్చి 3, ఆదివారం

పాఠం చెప్పే వేళ, మూడు నుంచి ఐదు వరకు, రాజేశ్వరి అరుగు మీద ఒక్కతే కూర్చుంది. నాలుగున్నరకు నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. నాకేదైనా చెప్పవే అన్నాను.

లేచి లోపలికి పోయింది.