మబ్బులను తరిమే డ్రమ్స్

జూలై 3
బెంగళూరు పోటీకి వీడియో ఈ నెల ఇరవైలోగా పంపాలి. సింగిల్ టేక్, ఎడిటింగ్ ఉండకూడదు. మా బ్యాండ్‌కి ఇదే ఆఖరి ఛాన్స్. పాడే రూతుకి రైల్వేలో ఉద్యోగం వచ్చింది, నెలాఖరుకు వెళ్లిపోతుంది. గిటార్ శశిని వాళ్ల నాయన ధర్మవరం చీరల అంగడిలో కూర్చోబెడతానంటున్నాడు.

నేను రాక్ బ్యాండ్ డ్రమ్మర్‌ని. వినడానికి బాగుంటుంది. స్టేజీ ఎక్కింది గుంతకల్లులో ఒక న్యూ ఇయర్ ఫంక్షన్‌కి, ఊళ్లో వినాయకుడి పందిట్లో. రెండుచోట్లా సౌండు తగ్గించమన్నారు. డ్రమ్ముకి వాల్యూమ్ బటన్ ఉంటుందా!

జూలై 6
ఉరవకొండ బయట నాయన శెనక్కాయల గోడౌన్‌లో ప్రాక్టీస్. రేకుల షెడ్డు. పోయినేడు పంట లేదు కాబట్టి ఖాళీగా ఉంది. మేం మొదలుపెట్టేసరికి నల్లగా మబ్బు పట్టింది. ఆపేసరికి గాలి లేచి అంతా కర్ణాటక వైపు పోయింది.

జూలై 9
మళ్లీ మబ్బు. మళ్లీ ప్రాక్టీస్. మళ్లీ ఎండ.

పక్క చేను నల్లప్పది. కాయలు ఒలిచి విత్తనం సిద్ధం చేసుకుని, విత్తడానికి వాన పదును కోసం ఎదురుచూస్తున్నాడు. తలుపు దగ్గరికి వచ్చి, ఏం పాపా, నీ డోళ్లకి మబ్బు బెదురుతాండాది, ఆపమ్మా అన్నాడు. నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

జూలై 10
రైతులంతా నాయన శెనక్కాయల అంగడి ముందుకు వచ్చారు. కొండమీది కరెంటు గాలిమరలు సగం మబ్బుల్ని తరిమితే మీ పాప మిగతా సగాన్ని తరుముతాండాదన్నా అన్నారట. వాళ్ల కాయలు వస్తేనే మా అంగడి. నాయన గోడౌన్ తాళంచెవి తీసేసుకున్నాడు, వాన పడేదాకా వద్దన్నాడు. నువ్వూ నమ్ముతావా నాయనా అని అరిచాను. నమ్మేది కాదు తల్లీ, యాపారం అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

జూలై 14
డ్రమ్స్ లేవు. వానా లేదు. ఇప్పుడెవరిని తిడతారో!

దిండ్ల మీద కొడుతుంటే అమ్మ దిండ్లు దాచేసింది.

జూలై 19
నాయన కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. మబ్బు లేకపోతేనే, ఒక్క టేక్ అంటే ఒక్క టేకే అన్నాడు.

జూలై 20
పొద్దున మబ్బు తునక లేదు. తాళం ఇచ్చాడు. రూతు ఎక్కిన బస్సు లేటు, మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. కానీ ఏం టేక్! పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు. కళ్లు మూసుకుని కొడుతున్నాను, బయట ఏమవుతోందో చూసిందెవరు? ఆఖరి చరణంలో రేకుల మీద టపటపా మొదలైంది. తర్వాత కుండపోత.

ఈ దరిద్రపు వాన ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చింది! వీడియోలో రూతు గొంతు లేదు, గిటార్ లేదు, నేనూ లేను. రేకుల చప్పుడొక్కటే. మళ్లీ తీద్దామంటే కరెంటు పోయింది. గడువు ఇవాళ్టితో సరి. రూతు ఏడ్చింది. బయట నల్లప్ప చేతులు చాపి తడుస్తూ నిలబడ్డాడు. ఊరంతా పండగ. నాకు మాత్రం ఏడుపు కూడా రాలేదు.

ఆగస్టు 2
రూతు ట్రైనింగ్‌కి వెళ్లిపోయింది. శశి ఫోన్ ఎత్తడం లేదు. వాట్సాప్ గ్రూపులో నేనొక్కదాన్నే గుడ్ మార్నింగ్ పెట్టుకుంటున్నాను.

ఆగస్టు 21
జూలై ఇరవై వానకు విత్తిన చేలల్లో మొక్కలు వాడిపోతున్నాయి. ఆ రోజు తర్వాత చినుకు లేదు.

గోడౌన్ తాళం నాయనే తీశాడు. నల్లప్ప వాళ్లంతా లోపల గోనెసంచులు పరుచుకుని కూర్చున్నారు. ఆ పొద్దు కొట్టినట్లే కొట్టు పాపా అన్నాడు నల్లప్ప. కొట్టాను.

సౌండు పెంచమన్నారు.