వెల్ల వేయని గోడలు

బల్లినా, మార్చి

ప్రియమైన ఊనా,

కార్క్‌లో మీ అక్క ఇంట్లో నీ దగ్గు తగ్గిందా? ఏటా ఒక్కో ఇంట్లో జరిగే పూజ వంతు ఈసారి మనది. మే నెలలో ఊరంతా మన రాతి ఇంట్లోనే మోకరిస్తుందని ఫాదర్ చెప్పి వెళ్లాడు. వానలకు బయటి గోడలమీద మరకలు మళ్లీ తేలాయి, కొన్ని పాచిరంగు, కొన్ని తుప్పురంగు. నువ్వేం బెంగపడకు. రెండు డబ్బాల పెయింట్ తెచ్చాను, శనివారానికల్లా తళతళలాడిస్తాను. పూజకైనా వస్తావు కదూ?

నీ మాలకీ

కార్క్, మార్చి

ప్రియమైన మాలకీ,

దగ్గు తగ్గింది. ఇక్కడ గోడలు పొడిగా ఉన్నాయి మరి. వంతు వచ్చినప్పుడల్లా నువ్వు చేసేది ఇదే: పైన తళతళ, లోపల నా మంచం పక్కన చెమ్మ. రాయికి ఊపిరాడక నీళ్లు కక్కుతుంటే దానిమీద ఇంకో పొర! ఊరు ఒక్కరోజు మెచ్చుకుంటే నీకు చాలు. నాకు చలికాలంలో నిద్ర కావాలి. ఆ ఇంటికి రాలేను. కోపంతో కాదు, నిమ్మళంగానే రాస్తున్నాను.

ఊనా

బల్లినా, ఏప్రిల్

ప్రియమైన ఊనా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. చివరికి డబ్బాలు కొట్లో ఇచ్చేసి గోడ గోకడం మొదలుపెట్టాను. పెయింట్ అట్టలు అట్టలుగా ఊడింది. వెనక రాయంతా తడి. పక్కింటి బ్రైడీ కంచె దగ్గర నిలబడి, "ఏంటయ్యా మాలకీ, పెళ్లాం అలిగిపోయిందని ఇంటికి బట్టలిప్పేశావా?" అంది. "కాస్త గాలాడనీ వదినా" అన్నాను. సిగ్గేసింది, దాచను.

రాయి ఆరడానికి వేసవంతా పడుతుంది. ఆరాకే, రాయికి గాలాడనిచ్చే సున్నం వేయాలి. అందుకని ఫాదర్ దగ్గరికి వెళ్లి, మన వంతు బ్రైడీ వాళ్లకు ఇమ్మన్నాను. తాత కాలం నుంచీ మా ఇల్లు వంతు తప్పలేదు. "ఏం, ఇంట్లో చావేమైనా అయిందా?" అన్నాడాయన.

"లేదు ఫాదర్, చెమ్మ."

నువ్వు వచ్చినా రాకపోయినా ఈ గోడను మాత్రం ఆరనిస్తాను.

నీ మాలకీ

కార్క్, ఏప్రిల్

ప్రియమైన మాలకీ,

నీ ఉత్తరం చదివి అక్కా నేనూ పడీపడీ నవ్వాం. తర్వాత నేనొక్కదాన్నే కాసేపు ఏడ్చాను. ఊరి ముందు తలదించుకోవడం నీకెంత కష్టమో నాకు తెలియదా!

నిన్నడక్కుండా ఒక పని చేశాను, తిట్టకు. ఫాదర్‌కు ఫోన్ చేశాను. వంతు మనదే, మన ఇంట్లోనే. ఆ రోజుకని ఒక్క బ్రష్షు దెబ్బ కూడా వేయకు. వట్టి రాళ్లు చూసి నవ్వేవాళ్లను నవ్వనీ. గురువారం బస్సుకు వస్తున్నాను. పూజనాడు గుమ్మంలో నీ పక్కన నిలబడి, వచ్చినవాళ్లను నేనే లోపలికి పిలుస్తాను.

నీ ఊనా