అలిగిన రోజు గుడ్డు

అక్టోబర్ 2, ఎంగిలిపూల బతుకమ్మ
మనుషులతో పోట్లాడే ఓపిక లేదు. ఇవాళ్టి నుంచి ఈ డైరీతోనే పోట్లాడతాను.

రొమ్ము ఆపరేషన్ అయిపోయింది. మిగిలింది ఒక్క కీమో, పదకొండున. నిన్న దవాఖానలో డైటీషియన్ మేడమ్ నా బరువు చూసి మొహం ముడిచింది. ఇంకా తగ్గితే ఆఖరి కీమో ఆపేస్తారట. పప్పు, గుడ్డు, పాలు మెత్తగా, కొంచెం కొంచెంగా, మాటిమాటికీ తినమంది. పచ్చివి మాత్రం ముట్టొద్దంది.

వంటిల్లు మా అత్తమ్మ ప్రమీలమ్మది. ఆమె నాకు పథ్యం పెట్టింది. పప్పు తింటే కుట్లకు చీము పడతదట. బెల్లం తింటే గడ్డ మళ్ళ పెరుగుతదట, గది వాట్సాప్‌ల వచ్చిందట. అందుకని పొద్దున గంజి, రాత్రి గంజి. నా భర్త నరేందర్ తల్లికి ఎదురు చెప్పడు. షాపుకు పోతాడు.

అక్టోబర్ 3
బతుకమ్మకు రోజుకో నైవేద్యం. ఇవాళ అటుకులు, బెల్లం. అత్తమ్మ అందరికీ ప్రసాదం పెడుతూ నా దగ్గర ఆగింది. చేయి చాపాను. ప్రసాదం లేదనడానికి ఆమెకు నోరు రాలేదు. గుప్పెడు పెట్టింది.

వేడి పాలలో వేసుకుని తిన్నాను. దొరికింది దారి!

అక్టోబర్ 4
ముద్దపప్పు! అమ్మా బతుకమ్మా, నీకూ మా డైటీషియన్‌కూ ముందే మాటైందా?

రెండోసారీ చేయి చాపితే అత్తమ్మ అనుమానంగా చూసింది. ప్రసాదానికి పత్తెం లేదని మీరే అంటరు గద అత్తమ్మా, అన్నాను.

అక్టోబర్ 5
నానబియ్యం. పచ్చివి. పాలు పోసి, బెల్లం వేసి పొయ్యి మీద పెట్టాను, పరమాన్నమైంది. అత్తమ్మ చూసేసింది. అమ్మ ప్రసాదాన్ని మళ్ళ ఉడకబెడ్తవా, గంత యావ ఏందని అరిచింది. తిన్నాను. సగం వాంతి అయింది. మిగతా సగం నాదే.

అక్టోబర్ 6
అట్లు. అత్తమ్మ నా వాటా దాచేసింది.

ఇక ఆగలేదు. బరువు తగ్గితే ఆఖరి మందు ఎక్కియ్యరు, గడ్డ మళ్ళొస్తే మీ గంజి ఆపుతదా, అన్నాను. ఆమె నరేందర్ వైపు చూసింది. తల్లి భయపడుతుందని ఈయన ఆమెకు ఆ సంగతే చెప్పలేదట! ఒళ్ళు మండింది.

అక్టోబర్ 7, అలిగిన బతుకమ్మ
ఇవాళ అమ్మ అలుగుతుంది. నైవేద్యం ఉండదు. నేనూ అలిగాను. గంజి ముట్టలేదు.

మధ్యాహ్నం
అత్తమ్మ నా ముందు గిన్నె పెట్టింది. ఉడికిన గుడ్డు! బతుకమ్మ రోజుల్లో మా గడప లోపలికి గుడ్డు రావడం పెళ్ళైనప్పటి నుంచి చూడలేదు. ఇయ్యాల నైవేద్యం లేదు గద, పొయ్యికి మడి లేదు, తిను అంది. అమ్మ అలక రేపటికి దానంతటదే తీరుతది, అలిగిన కోడలిని నేనే బతిమిలాడాలె అంది. నాకెవ్వరు చెప్పలే బిడ్డా, నా చేతులతోని నిన్ను ఎండబెడ్తున్ననా అని ఏడ్చింది.

నేనూ ఏడ్చాను. నోరంతా పుండ్లు. అయినా గుడ్డు మొత్తం తిన్నాను.

అక్టోబర్ 8
ఇవాళ్టి నైవేద్యం వేపకాయలు, పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయించినవి. గట్టిగా ఉంటాయని అత్తమ్మే పాలలో నానేసి పెట్టింది. పక్కన పప్పు కూడా.

అక్టోబర్ 10, సద్దుల బతుకమ్మ
జనంలోకి పోవద్దన్నారు. కోమటి చెరువుకు పోయే ముందు అత్తమ్మ బతుకమ్మను మా వాకిట్లో పెట్టింది. గుండుకు స్కార్ఫ్ కట్టుకుని ఒక చుట్టు ఆడాను. పెరుగు సద్ది తిని ఇంకో చుట్టు ఆడాను!

అక్టోబర్ 11
బరువు పెరిగింది. ఆఖరి మందు ఎక్కుతోంది.

అత్తమ్మ రొట్టె, బెల్లం నలిపి కట్టిన మలీద ముద్ద తెచ్చింది. డైటీషియన్ మేడమ్ తాను డైటింగ్‌లో ఉన్నానని, తీపి ముట్టనని అంది. ప్రసాదానికి పత్తెం లేదని అత్తమ్మ ఆమె నోట్లో పెట్టేసింది.