జర అంటే ఎంత?

నాయినా,

నువ్వు చదవలేవని తెలిసే, దవాఖాన బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపల అమ్మకు పరీక్షలు చేస్తున్నారు.

నిన్న నీ సంవత్సరీకం. మన గద్వాల వీధి చివర ఉండే ఉర్దూ సారు భోజనానికి వచ్చాడు. కొంచెం అనడానికి మనం వాడే "జర" ఎక్కడిదని అడిగాను. అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చిందట. మొదట్లో దుమ్ము రేణువని అర్థమట. నువ్వేమో దాన్ని ఖరీదైన జరీకి చుట్టాన్ని చేశావు. "జరీ పిరం బిడ్డా, జరంతనే పెట్టాలె" అని మగ్గం గుంటలోంచి నవ్వేవాడివి. నిన్న ఉండి ఉంటే ఆయనతో పొద్దుగూకేదాకా వాదించేవాడివి.

సావుకారును బతిమాలాలంటే "జర ఆగుండ్రి" అనేవాడివి. నన్ను పిలవాలంటే "జర నీళ్లియ్యి". ఛాతీ పట్టేసిన రోజు కూడా "జర మంట, గంతే" అన్నావు. చీర అంచు పూర్తయ్యేదాకా గుంటలోంచి లేవలేదు. దవాఖానకు తెచ్చేసరికి నువ్వు లేవు.

ఈ పొద్దున కండెలు చుడుతున్న అమ్మ రాట్నం ఆపి, "జర ఛాతిల నొస్తుంది" అంది. ఇంకేమీ అడగకుండా ఆటో పిలిచాను. ఇక్కడ డాక్టరు ఎంత నొప్పి అని అడిగితే, కొంగు సర్దుకుని "జరంతనే సారూ" అంది. ఆయన కాగితం మీదికి వంగాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"గట్ల రాయకుండ్రి సార్. మా నాయిన పొయ్యేటప్పుడు గూడ జరనే అన్నడు."