రంగుల గదిలోకి వెళ్లొచ్చిన రోజు

ఎందుకమ్మగారికి నమస్కారం.

ప్రతిదానికీ "ఎందుకు?" అని అడిగేవారని మా ఇంట్లో మీకు పెట్టుకున్న పేరది. ఇన్నేళ్లకు చెబుతున్నాను, కోప్పడకండి. నేను అద్దకం వాళ్ల చిన్నమ్మాయిని. మీ చేతిగడియారం చెవికి ఆనించుకుని వింటుంటే "గడియారం పిల్లా" అనేవారు.

మీరు మా ఇంట్లో ఉండి మమ్మల్ని గమనించిన రోజుల మీద మా అమ్మాయి సినిమా తీస్తోంది. మా మీద మీరు రాసిన పుస్తకం మాకే చదివి వినిపించి, "ఆవిడ మిమ్మల్ని చూసింది సరే, మీరు ఆవిణ్ణి చూడలేదా? అది చెప్పండి" అంటోంది. మీరు తలుపేసుకుని అద్దం ముందు మా మాటలు పలికి చూసుకునేవారని చెప్పి పగలబడి నవ్వుకున్నాం.

ఒక్కచోట నవ్వు ఆగిపోయింది. నానమ్మ పోయిన రోజు మేం ఏడవలేదనీ, ఒకరి తర్వాత ఒకరం రంగుల గదిలోకి పనికి వెళ్లామనీ, చావంటే మాకు పట్టింపే లేదనీ రాశారు.

ఆ పొద్దున అమ్మ మమ్మల్ని పక్కకు పిలిచింది. "ఇంట్లో చుట్టం ఉంది. మనం ఏడిస్తే ఆ పిల్ల ముద్ద ముట్టదు. ఏడుపొస్తే రంగుల గదిలోకి పోండి. కళ్లెర్రబడితే రంగులు కాగే ఆవిరికనుకుంటుంది" అంది. మీరూ అలాగే అనుకున్నారు. ఆ పూట కడుపునిండా తిన్నారు కూడా. చూసి అమ్మ ఎంత కుదుటపడిందో!

ఆ అమ్మ మొన్న పోయింది.

సినిమాలో మీ మాట కూడా ఉండాలని మా అమ్మాయి పట్టు. రండి. మీ మంచం ఇంకా ఆ కిటికీ పక్కనే ఉంది. ఈసారి మిమ్మల్ని చుట్టంలా చూడం. మీ ముందే ఏడుస్తాం.

మీ గడియారం పిల్ల